రేవు పుస్తకంలో అర మనిషి

ఈ ధనుర్మాసంలో మా వంటింట్లోంచి ఒక కంచు పళ్లెం పోయింది. దొంగలెవరూ రాలేదు, పట్టుకెళ్లింది మా అత్తయ్యగారే. తెల్లారగట్ల అయిదింటికి గేదె దగ్గర పని ముగించుకుని, అటక మీంచి పళ్లెం దింపి, ఇంకో చేత్తో అప్పడాల కర్ర తీసుకుని, మంకీ టోపీ మీదుగా కొంగు కప్పుకుని రేవు కేసి వెళ్లిపోయారు. అది ఆవిడ పెళ్లికి పుట్టింటివాళ్లు పెట్టిన సారె, అజ్జరంలో కొన్నదట. నేను కాపురానికొచ్చిన ఈ పదకొండేళ్లలో దాంట్లో అన్నం తినే భాగ్యం నాకు రెండుసార్లే దక్కింది, ఆ రెండుసార్లూ ఇంట్లో మిగతా కంచాలన్నీ చుట్టాల ముందు ఉన్నాయి కాబట్టి. అలాంటి పళ్లెం ఇప్పుడు రేవులో చింతచెట్టు కొమ్మకి నైలాన్ తాడుతో వేలాడుతోంది.

ఎందుకో చెప్తాను గానీ ముందు మా ఊరు చెప్పాలి.

మాది వశిష్ట పాయలో ఒక లంక. పేరు రాయను, రాస్తే సాయంత్రానికి పంచాయితీ నా గుమ్మంలో ఉంటుంది. తూర్పున కోనసీమ, పడమర పాలకొల్లు వైపు ఊళ్లు, మధ్యలో నూట నలభై గడపలతో మేము. ధవళేశ్వరం దిగాక గోదావరి గౌతమి, వశిష్ట అని రెండుగా విడిపోతుంది, వశిష్టలోంచి మళ్లీ వైనతేయ చీలుతుంది, ఈ పాయల మధ్య ఒండ్రు మేటవేసి లేచినవే లంకలన్నీ. 1852లో కాటన్ దొర ఆనకట్ట కట్టాక డెల్టా అంతా కాలవలొచ్చాయి, పచ్చబడింది, ఊరూరా ఆయన విగ్రహం పెట్టుకున్నారు. మేము మాత్రం ఏటిగట్టుకి లోపలి వైపు ఉన్నాం, అంటే ఏటి కడుపులోనే. కాలవ నీళ్లు మా దాకా రావు, వరద మాత్రం అడక్కుండానే గడపలోకి వస్తుంది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులంటే మొదటి హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. మా ఊళ్లో ఎక్కాలు రాని పిల్లాడికైనా ఈ మూడంకెలు వచ్చు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు మా అత్తయ్యగారు కొత్త కోడలు. ఆ నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఇప్పటికీ కొబ్బరిచెట్టు మీద చెయ్యెత్తి చూపిస్తారు, ఆవిడ చెయ్యి అందదు. 2022 జులైలో 25 లక్షలు దాటినప్పుడు నేనూ చూశాను, నాకు అదే చాలు.

వానాకాలం ఏటిదైతే, చలికాలం మాది. వరద పోతూ పోతూ పొలాల్లో పోసి వెళ్లిన ఒండ్రులో కార్తీకానికల్లా వంగ, చిక్కుడు, కాలీఫ్లవర్, మొక్కజొన్న లేస్తాయి, లంక వంకాయకి ఎరువెందుకండీ అంటారు ఇక్కడ. కంద తవ్వుతారు. అరటి గెలలు రావులపాలెం, కొబ్బరికాయలు అంబాజీపేట. తాటితోపు కింద పాతర పెట్టిన తేగలు తవ్వి, కుండలో కాల్చి, సాయంత్రం అరుగు మీద కూర్చుని పీచు లాక్కుంటూ తినడం ఒక్కటే ఈ రెండు నెలల్లో నేను పూర్తి ఇష్టంతో చేసే పని. చలి ఎంతా అంటే పదిహేడు, పద్దెనిమిది డిగ్రీలు. ఢిల్లీలో ఉండే మా పెద్దమ్మ కొడుకు నవ్వుతాడు. నవ్వనీ. ఏటి మీద గాలి చెవిలో దూరినప్పుడు తెలుస్తుంది.

అసలు కష్టం చలితో కాదు, మంచుతో. మంచంటే మా వైపు పొగమంచే. ఆకాశం తేటగా ఉండి గాలి ఆడని రాత్రి నేల త్వరగా చల్లారిపోతుంది, ఏటి నీళ్లు మాత్రం ఇంకా వెచ్చగా ఉంటాయి, తెల్లవారుజామున నీళ్ల మీంచి ఆవిరి లేస్తున్నట్టు పైకొచ్చి అక్కడే కూర్చుంటుంది. పడవ ముక్కు పడవ వెనక కూర్చున్న సరంగుకి కనిపించదు. దీనికి తోడు ఆ రోజుల్లో ఆనకట్ట తలుపులు దించేసి, ఉన్న నీళ్లన్నీ దాళ్వా (రెండో పంట వరి) కోసం కాలవల్లోకి మళ్లిస్తారు కాబట్టి కింద ఏట్లో నీళ్లు పల్చబడిపోతాయి. సముద్రం పోటు పైకి ఎక్కుతుంది, పాటుకి దిగిపోతుంది. నిన్న పడవ వెళ్లిన చోట ఇవాళ ఇసుక తిప్ప తేలుతుంది. అందుకని మంచు పట్టిన రోజు ఎవరో ఒకరు రేవులో నిలబడి కంచం మీద కొడుతూ ఉండాలి, ఆ చప్పుడు పట్టుకుని పడవ వస్తుంది. సెల్‌ఫోన్ లైట్లు, టార్చిలు అన్నీ చూశాం, మంచులో వెలుగు పాలల్లో ముంచిన దీపంలా అక్కడే ఆగిపోతుంది.

ఇప్పుడు రేవు బాట సంగతి. వరదలప్పుడు పడవ చింతచెట్టు మొదట్లోకి వచ్చి ఆగుతుంది. కార్తీకం వెళ్లేసరికి నీళ్లు వెనక్కి జరిగి జరిగి, చెట్టుకీ పడవకీ మధ్య నాలుగు వందల అడుగుల ఇసుక పడుతుంది. అడుగులంటే కొలత కాదు, మనిషి వేసే అడుగులు, నేను లెక్కపెట్టాను. ఆ ఇసుకలో మనిషి నడవొచ్చు, పాల క్యాన్లతో సైకిలు నడవదు, గ్యాస్ బండ దొర్లదు, మోటారు సైకిలు చక్రం పాతుకుపోతుంది. నెలలు నిండిన పిల్లని ముందే అవతలికి చేర్చాలన్నా (మా ఊళ్లో పురుడు తేదీకి మూడు వారాల ముందే అవతల చుట్టాలింటికి పంపించేస్తారు, ఇది ఎవరూ రాయని చట్టం) కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మొయ్యాలి. వంతెన ఎందుకు లేదని అడక్కండి. కొలతలు తీసుకెళ్లిన వాళ్లకి మేము ఇచ్చిన కొబ్బరిబొండాల డబ్బుతో ఒక స్తంభం లేచేది.

కాబట్టి ఏటా మార్గశిరం మొదట్లో ఊరే బాట వేస్తుంది. నీళ్ల అంచున ఇసుక బస్తాలు, కొబ్బరి దుంగలు పాతి వాటి మీద చెక్కలు, అక్కణ్ణుంచి చెట్టు దాకా కొబ్బరాకు తడకలు రెండు వరసలు, మీద ఒండ్రుమట్టి, ఎండుగడ్డి, నీళ్లు చల్లి తొక్కడం. తొమ్మిది, పది రోజుల పని. పద్ధతి పేరు ఇంటికో మనిషి. ప్రతి గడప నుంచీ ఒకరు ఒకరోజు రావాలి, రాలేకపోతే కూలి డబ్బు ఆరు వందలు కట్టాలి. దీన్ని సేవ అని ఎవరూ అనరు. మొన్నామధ్య అమలాపురం నుంచి వచ్చిన ఒకాయన చూసి ‘మీ ఊరి సేవాభావం చాలా గొప్పదండీ’ అంటే, బస్తా మోస్తున్న ఒక కుర్రాడు ‘సేవేంటండీ, రాకపోతే ఆరొందలు’ అన్నాడు. ఆయన ఫొటో తీసుకోకుండా వెళ్లిపోయారు.

ఎవరొచ్చారు, ఎవరు కట్టారు, ఎవరు వెదుళ్లిచ్చారు అని రాయడానికి ఎర్ర అట్ట పద్దు పుస్తకం ఒకటుంది. ఇరవై ఏళ్లుగా దాన్ని రాసిన మేష్టారు ఈ సంవత్సరం కళ్లకి ఆపరేషన్ చేయించుకుని కూతురి దగ్గర ఉండిపోయారు. రామాలయం అరుగు మీద కూర్చుని ఎవరు రాస్తారు, ఎవరు రాస్తారని అనుకుంటూ, చివరికి ‘కోడలమ్మ ఇంట్లో కూర్చుని కంప్యూటర్ మీద రాస్తానే ఉంటాదిగా’ అని నా చేతికిచ్చారు. నేను ఇంట్లో కూర్చుని చేసేది ఇన్సూరెన్సు క్లెయిములు చూసే ఉద్యోగం, దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదని చెప్పినా ఎవరూ వినలేదు. తరవాత ఆలోచిస్తే సంబంధం బాగానే ఉంది. రెండు చోట్లా ఎవరికి ఎంత రాదో చెప్పడమే పని.

పుస్తకం తెరిచిన మొదటి రాత్రే పాత పేజీలు తిరగేస్తుంటే ఒక వరస దగ్గర ఆగాను. పేరు, పక్కన ‘మనిషి’ అనే గడి, ఆ గడిలో అందరికీ 1, కొందరికి మాత్రం ½. మొదట సగం రోజు వచ్చి వెళ్లిపోయారేమో అనుకున్నాను. ఆ కొందరి పేర్లు వరసగా చదివితే అర్థమైంది. అన్నీ ఆడవాళ్లవి. మగవాళ్లు లేని ఇంటి నుంచి ఆడమనిషి వచ్చి పొద్దుట్నుంచి సాయంత్రం దాకా మట్టి మోస్తే అర. మిగతా అరకి మూడు వందలు కట్టాలి, లేదా ఇంకో రోజు రావాలి. మామయ్యగారు పోయి ఆరేళ్లయింది, మా ఆయన మస్కట్‌లో ఉన్నాడు, ఆరేళ్లుగా మా ఇంటి పేరు ఎదురుగా ఉన్నది కూడా అదే గుర్తు. ఇన్నాళ్లూ అత్తయ్యగారు రెండ్రోజులు వెళ్లొస్తుంటే, ఆవిడకి పని మీద ఇష్టమని నేను అనుకునేదాన్ని.

‘అత్తయ్యా, మీరు అర మనిషట’ అన్నాను.

‘తెలుసు. నువ్వైతే అది కూడా కాదు, నువ్వు ఎప్పుడూ రాలేదుగా’ అన్నారు ఆవిడ, చిక్కుళ్ల పీచు తీస్తూ.

నిజమే. నేను ఏటా ఆరు వందలు ఫోన్‌పే చేస్తానని చెప్పేదాన్ని, ఆవిడ వద్దని వెళ్లేవారు. ఈ ఊళ్లో గల్ఫుకి వెళ్లినవాళ్లు, పోయినవాళ్లు, హైదరాబాదులో సెక్యూరిటీ పనికెళ్లినవాళ్లు పోగా, పండక్కి తప్ప మగమనిషి కనపడని గడపలు ముప్పై పైనే ఉన్నాయి. అంటే ఇంటికో మనిషి అనే పద్ధతిలో ముప్పై ఇళ్లకి సగం మనుషులే ఉన్నారు.

అది ఒకటి. రెండోది నాకు తడకల దగ్గర తెలిసింది. ఆ తడకలు ఎక్కణ్ణుంచి వస్తాయో పుస్తకంలో లేదు. ‘మట్టలు’ అని ఒక గడి ఉంది, ఏ తోట నుంచి ఎన్ని కొబ్బరి మట్టలు వచ్చాయో ఉంది, తోట యజమాని పేరు ఉంది. ఆ మట్టలు వాటంతటవే అల్లుకుని రేవుకి నడిచి వెళ్లినట్టు. కాదు కదా. రాలిన మట్టని నిలువునా చీల్చి, కట్టలు కట్టి, బోదెలో రెండు రోజులు నానేస్తారు. నానకపోతే ఆకు విరుగుతుంది. నానినాక పైకి తీస్తే ఆ కంపు ఎలా ఉంటుందంటే, నేను రెండు రోజులు చేత్తో అన్నం తినలేకపోయాను, చెంచా వాడాను, దానికీ మాటలు పడ్డాను. కింద కూర్చుని, మట్ట మీద మోకాలు వేసి నొక్కి పట్టి, ఒక ఆకు కిందకి, ఒక ఆకు పైకి, దానికి అడ్డంగా పక్క ఆకు లాగుతూ పోవాలి. ఈనె చీలి గోరు కిందకి దిగుతుంది. మా పక్కింటి పిన్నిగారు మాట్లాడుతూ, మనవణ్ణి తిడుతూ, సీరియల్ కథ చెప్తూ, చేతుల వైపు చూడకుండా ఇరవై నిమిషాల్లో ఒకటి అల్లేస్తారు. నాకు మొదటిది గంటన్నర పట్టింది, అది కూడా ఒక వైపు ఆరడుగులు, రెండో వైపు అయిదున్నర వచ్చింది. పిన్నిగారు దాన్ని ఎత్తి చూసి ‘కోళ్లగూటికి బాగుంటది’ అన్నారు. బాటకి 520 తడకలు పట్టాయి. అన్నీ ఆడవాళ్లు వాళ్ల వాళ్ల పెరట్లో, మధ్యాహ్నం అంట్లు తోముకున్న తరవాత అల్లినవే. ఇరవై ఏళ్ల పుస్తకంలో దీని గురించి ఒక్క అక్షరం లేదు.

నేను వెంటనే పెద్ద ఉద్యమం చేశానని అనుకోకండి, నాకు అంత ధైర్యం లేదు, పైగా లాగిన్ టైములున్నాయి. పుస్తకంలో ‘తడకలు’ అని ఒక గడి గీశాను, అంతే. గీత గీసినందుకే అరుగు మీద రెండు గంటల గొడవ. మా ఆయనకి వరసకి పెదనాన్నగారు ఒకాయన, మంచివారే, కరోనా అప్పుడు లంకకి మందులు తెచ్చిచ్చింది ఆయనే, ‘ఇంట్లో కూర్చుని అల్లేది కూడా పనేనా అమ్మాయ్, అయితే మా ఇంట్లో వంట కూడా రాసుకో’ అన్నారు. పిన్నిగారు వెనక నుంచి ‘రాయమనండి, రాస్తే తెలుత్తాది’ అన్నారు. అక్కణ్ణుంచి మాటలు బాట దాటి ఎక్కడెక్కడికో వెళ్లాయి, ఎవరి పెళ్లిలోనో వడ్డించని గారెల దాకా వెళ్లాయి, అవి ఇక్కడ రాయను.

ఆ గొడవలోనే ఎవరో డొక్కా సీతమ్మగారి పేరు ఎత్తారు. ఎత్తకుండా ఉండరు, కోనసీమలో ఆడవాళ్ల గురించి మగవాళ్లు మాట్లాడితే అయిదో నిమిషంలో ఆవిడ పేరు రావాలి. 1841లో పుట్టి 1909లో పోయిన మనిషి, మాకు ఎంతో దూరం కాదు, లంకల గన్నవరం. వైనతేయ దాటాల్సినవాళ్లు వేళ తప్పి వచ్చి ఆకలితో ఉంటే, ఏ వేళప్పుడు తలుపు తట్టినా అన్నం పెట్టిన ఇల్లు అది. గన్నవరం దగ్గర ఏటి మీదుగా కాలవని దాటించే కొత్త అక్విడెక్టుకి ఆవిడ పేరే పెట్టారు, 2024 నుంచి బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి కూడా ఆవిడ పేరే. ఒకసారి అంతర్వేది తీర్థానికని ఇల్లు కదిలి, దారిలో ఆకలికి ఏడుస్తున్న పిల్లల్ని పెద్దవాళ్లు ‘ఇంకాసేపట్లో సీతమ్మగారింటికి చేరిపోతాం’ అని ఊరడిస్తుంటే విని, స్వామిని చూడకుండానే వెనక్కి తిరిగొచ్చేశారని చెప్పుకుంటారు. ఈ కథ మీటింగుల్లో చాలాసార్లు విన్నాను, వినగా వినగా నాకు కొంచెం విసుగొచ్చింది కూడా. కానీ ఆ రోజు మా అత్తయ్యగారు అరుగు కింద నిలబడి మెల్లిగా ఒక మాటన్నారు: ‘ఆవిడ ఈ ఊళ్లో ఉంటే మీరు ఎంత రాసేవారు?’

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరవాత పెదనాన్నగారు పొగాకు చుట్ట వెలిగించుకోవడానికి అగ్గిపెట్టె వెతుక్కుంటూ లేచి వెళ్లిపోయారు. గొడవ తీరిందని కాదు. వాయిదా పడింది.

దాన్ని తీర్చింది మంచు.

పుష్యం ఇంకా రాలేదు, నేను అమలాపురం మా పుట్టింటికి వెళ్లి, మర్నాడు పొద్దున్నే మొదటి పడవకి తిరిగొస్తున్నాను. తొమ్మిదింటికి లాగిన్. ఆరుంపావుకి అవతల రేవులో పడవ కదిలింది. పడవలో సరంగు, అతని దగ్గర పనిచేసే కుర్రాడు, బడి టీచరుగారు, అంగన్‌వాడీకి కోడిగుడ్ల ట్రేలు, ఖాళీ పాల క్యాన్లు, రెండు గ్యాస్ బండలు, నేను, ఒక హరిదాసు. మంచు ఎంతలా ఉందంటే హరిదాసు నెత్తిమీది అక్షయపాత్రకి చుట్టిన బంతిపూల దండ ఒక్కటే కనిపిస్తోంది, కింద మనిషి ఉన్నాడని నమ్మాలి. మధ్యకొచ్చాక సరంగు ఇంజను తగ్గించి చెవి ఒగ్గాడు. టంగు టంగుమని వినపడుతోంది. అటు తిప్పాడు. ఇంకాస్త దగ్గరైంది. ఇంకాస్త తిప్పాడు. తరవాత పడవ అడుగున గరగరా చప్పుడు, ఒక్కసారి అందరం ముందుకి తూలాం, గుడ్ల ట్రే ఒకటి నా ఒళ్లోకి వచ్చింది. తిప్ప ఎక్కేశాం.

మేము విన్నది మా రేవు కంచం కాదు. దిగువ లంకలో రామాలయంలో ధనుర్మాసం పూజ, అక్కడి గంట. మా రేవులో ఆ రోజు కంచం కొట్టే వంతు పెదనాన్నగారి ఇంటిది. ఆయన మనవడు వచ్చి స్టీలు పళ్లెం మీద స్పూనుతో కొట్టాడట, వాడి తప్పేం లేదు, స్టీలు చప్పుడు నాలుగు వందల అడుగుల ఇసుక దాటి, ఆ పైన ఏరు దాటి రాదు.

ఇలాంటి చోట సినిమాలో అయితే పడవలో ఎవరికో నొప్పులు రావాలి. అలాంటిదేమీ జరగలేదు. అయినా 2018లో గౌతమి మీద పశువుల్లంక దగ్గర పడవ మునిగి బడిపిల్లలు పోయిన తరవాత, పడవ ఏ మాత్రం ఒరిగినా మా వైపు ఎవరూ గట్టిగా మాట్లాడరు. మేమూ మాట్లాడలేదు. పాటు దిగుతోంది, గెడలేసి నెట్టారు, కదల్లేదు. టీచరుగారు చీర కుచ్చిళ్లు ఎత్తి దోపి నీళ్లలోకి దిగారు, నేనూ దిగాను, మోకాళ్ల దాకా నీళ్లు, పైన గాలి కంటే నీళ్లే వెచ్చగా ఉన్నాయి. హరిదాసు దిగడానికి లేదు, ఇంటికి చేరేదాకా పాత్ర నెత్తిమీంచి దించకూడదు, హరినామం తప్ప మాట కూడా ఆడకూడదు. పాపం గంటన్నర అలాగే నిలబడ్డాడు. మేము ‘ఒక్క, రెండు, మూడు’ అని నెట్టినప్పుడల్లా ఆయన చిడతలు మోగించాడు. అదొక్కటే ఆయన చెయ్యగలిగింది, చేశాడు. మంచు కరిగాక చూస్తే మా రేవు కుడిపక్కన కూతవేటు దూరంలోనే ఉంది, ఒడ్డున మా అత్తయ్యగారు నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉన్నారు. లాగిన్ పోయింది. మా టీమ్ లీడర్‌కి ‘పడవ తిప్ప ఎక్కింది’ అని మెసేజ్ పెడితే ‘అంటే ఏంటి?’ అని రిప్లై వచ్చింది.

మర్నాడు పొద్దున్నే కంచు పళ్లెం అటక దిగింది. కంచు చప్పుడు వేరు. కొట్టాక కూడా కాసేపు గాలిలో ఉంటుంది. దిగువ లంక గంటతో కలవకుండా మూడు దెబ్బలు, ఆపడం, మళ్లీ మూడు, అని అత్తయ్యగారే లెక్క పెట్టారు. వారం రోజులు ఆవిడే వెళ్లారు, తరవాత పిన్నిగారు, తరవాత వీధిలో ఆడవాళ్లంతా వంతులేసుకున్నారు, ఎలాగూ ఆ వేళకి లేచి ఉండేది వాళ్లేగా. పాల క్యాన్లు ఆలస్యం కాలేదు. నాలుగో రోజు సాయంత్రం పెదనాన్నగారు మా ఇంటికొచ్చి, లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి ‘అమ్మాయ్, ఎనిమిది తడకలకి ఒక మనిషి వేసుకో’ అన్నారు. నేను ఆరు అన్నాను. ఆయన ఎనిమిది అన్నారు. ఎనిమిదికే ఒప్పుకున్నాం. 520ని ఎనిమిదితో భాగిస్తే 65 మనుషులు. మోసిన ఆడమనిషికి కూడా ఒకటే, అర తీసేశాం. కూడితే మొత్తం లెక్కలో మా ఇంటికి ఒకటిన్నర మనిషి ఎక్కువే ఉన్నాం, వచ్చే ఏడాదికి జమ. అందరూ సంతోషించారని చెప్పను. రెండిళ్లవాళ్లు ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు, అందులో ఒకావిడ ఆడమనిషే.

పండగ గురించి పెద్దగా రాయను, అరిసెలు, పాకుండలు, కొత్తల్లుళ్లు అన్ని ఊళ్లలోనూ ఉన్నవే. ఒక్క భోగి ముందు రాత్రి మాత్రం చెప్పాలి. భోగిమంటకి దళ్లు, పాత తలుపులు, మంచాలు ఎత్తుకెళ్లడం మగపిల్లల హక్కు కదా, ఈసారి వాళ్ల కన్ను బాట మీద పడింది. ఎండిన కొబ్బరాకు, ఇంతకంటే బాగా మండేది ఏముంటుంది. రాత్రి పదకొండింటి నుంచి ముగ్గురు ఆడవాళ్లు కుంపటి పెట్టుకుని బాట మధ్యలో కూర్చుని కాపలా కాశారు. అయినా తెల్లారి చూస్తే పదకొండు తడకలు తక్కువ. నేను అల్లిన వంకర తడక మాత్రం భద్రంగా ఉంది, దాన్ని మంటకి కూడా తీసుకెళ్లలేదు.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లేవాళ్లంతా మా రేవు మీదుగానే దాటారు, మా వెనక చిన్న లంకల వాళ్లతో సహా. పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రులు వెదురుతో కట్టి అలంకరించిన ఎత్తైన ప్రభల మీద వస్తారు, గంగలకుర్రు ప్రభల్ని భుజాల మీద మోసుకుంటూ కౌశిక కాలవ నీళ్లలోకి దిగి దాటిస్తారు. 2023 రిపబ్లిక్ డే రోజున ఢిల్లీలో మన శకటం మీద ఈ తీర్థమే చూపించారు. నేను ఈసారీ వెళ్లలేదు. రేవులో పులిహోర గిన్నె ముందు కూర్చున్నాను. నాలుగు గుండిగలు ఖాళీ అయ్యాయి, ఆకులు తక్కువైతే బాదం ఆకులు కోసుకొచ్చారు. ఎవరింటి బియ్యం ఎంత, చింతపండు ఎంత అని రాసుకున్నాను. వండినవాళ్లవీ రాసుకున్నాను, ఈసారి ఎవరూ అడ్డు చెప్పలేదు, లేదా పండగ పూట ఎందుకులే అనుకున్నారేమో.

ఇప్పుడు మాఘం నడుస్తోంది. అంతర్వేది వెళ్లేవాళ్లు మొదలయ్యారు. మంచు పల్చబడింది, పొద్దున్న ఏడింటికే అవతలి ఒడ్డున కొబ్బరిచెట్లు లెక్కపెట్టొచ్చు. బాట మట్టి గట్టిపడి ఆటో కూడా వస్తోంది, జులైలో ఏరు వచ్చి మొత్తం ఊడ్చుకుపోతుంది, అప్పటిదాకా ఫర్వాలేదు. కంచం కొట్టే పని అయిపోయింది కదా, పళ్లెం ఇంటికి తెచ్చుకోమని అత్తయ్యగారికి చెప్పాను. నిన్న సాయంత్రం వెళ్లి చూసొచ్చారు. ‘మధ్యలో ఇంత సొట్ట పడింది, ఇంక పప్పు నిలవదు, అక్కడే ఉండనీ’ అన్నారు.

సరే, ఊరికి ఇచ్చినట్టే కదా అని పుస్తకం తీసి మా ఇంటి పేరు ఎదురుగా ‘కంచు పళ్లెం, 1’ అని రాశాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని వంగి చదివారు.

‘మరి దీనికి ఎన్ని మనుషులు వేశావే?’